గడి లేని చుక్క

ఎర్ర దారం ముక్క అనుకున్నా మొదట.
పొద్దంతా ఫాల్ కుట్టి, పీకో చేసేదానికి
దారాలు అంటుకోవడం మామూలే.
గోటితో తీయబోతే
పాకింది.

చిలకలగూడ సందులో నా మిషను పక్కన
కిరాణా కొట్టాయన ఇచ్చిన క్యాలెండరు.
పాల లెక్క, గ్యాస్ బండ తారీఖు,
నెలకో చుక్క నాది,
పెన్సిలుతో, చెరుపుకునే వీలుంటదని.
ఈ చుక్కకు గడి లేదు.
తలస్నానం చేసి తొమ్మిది రోజులు,
రావాల్సింది ఇంకో రెండు వారాలకు.

అత్తమ్మ తలుపు దగ్గరే అడిగింది:
"అయినట్టా, కానట్టా?
దీపం పెడ్తవా, నన్ను పెట్టమంటవా?"
అయిందంటే అబద్ధం, కాలేదంటే భయం.
గడప మీదే నిలబడి
చీపురందుకున్నా.

మా అమ్మ నెత్తురుకు మూడు పేర్లు చెప్పింది:
పెద్దమనిషైనప్పటిది, నెలనెలది, కానుపుది.
నాలుగోది ఆమెకూ వచ్చే ఉంటది.
ఎవరికి చెప్పుకుంటది,
పాత చీర పేలికకు చెప్పి
ఉతికి ఆరేసి ఉంటది.

సీతాఫల్‌మండిలో స్కానింగు.
నీళ్లు తాగి, ఆపుకొని, రెండు గంటలు.
పక్క కుర్చీలో ఒకామె
నిండు కడుపు మీద చెయ్యేసుకొని నిద్రపోతోంది.
నేను ఆమె జాకెట్టు చూస్తూ కూర్చున్నా.
చంకలో బిగువు. కుట్టు విప్పి రెండు వేళ్లు వదలాలి.

నస్రీన్ డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది.
"ఇది అండం తిత్తి. పద్దెనిమిది మిల్లీమీటర్లు, బాగుంది.
విడుదలయ్యేటప్పుడు కొందరికి కాస్త కనబడుతుంది,
దానికి భయం లేదు.
కానీ ఇక్కడ, గర్భసంచి గోడకు, చిన్న కండ ఉంది చూడు.
నెత్తురు దానిదో దీనిదో
ఇప్పుడే చెప్పలేను."
"మరి పిల్లలు?" అన్నాడు మొగిలి,
నన్ను కాదు, ఆమెను కాదు, తెరను.
"తీసేస్తే దారి సాఫవుతుంది.
అవుతారని రాసివ్వను. కారని కూడా రాయను."

లోపలి వైపు ముడి మిగిలితే
పైనుంచి ఎంత ఇస్త్రీ చేసినా
గుడ్డ అక్కడ ఉబ్బే ఉంటది.
ముడిని లాగొద్దు, చిరుగుతది.
కత్తెర మొనతో, మెల్లగా.
నాకు తెలిసిన పనే ఇది,
నా మీద తప్ప.

ఏడేళ్లు నా తప్పు వెతికారు,
జాతకంలో, నడకలో,
ఎప్పుడో తిన్న బొప్పాయి ముక్కలో.
శనగగింజంత కండను
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తిరిగొస్తుంటే వారసిగూడ మలుపులో
ఆటో అద్దంలోంచి చూసి
"నొప్పుందా?" అన్నాడు.
పెళ్లయ్యాక ఆ మాట ఇది రెండోసారి.
మొదటిది, సూది వేలిలో దిగినప్పుడు.

రాత్రి క్యాలెండరు దించి
ఆ రోజు గడిలో చుక్క పెట్టా.
పెన్సిలు కనబడలేదు,
బాల్‌పెన్నుతోనే పెట్టా.
దాని కింద అత్తమ్మ రాత:
పాలు అర లీటరు, బాకీ.