రెండంగుళాల మడత

మెట్టుగూడ సిగ్నల్ దాటినంక
మందుల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కితే
మా నాయిన పెట్టిన మిషను.
నలభై ఏండ్ల సంది తెల్ల అంగీలే కుడుతున్న,
సాముల అంగీలు.
మెడ కాడ మరక ఎవరిదైనా ఒక్కటే రంగు.

పొద్దున శౌరమ్మ ఫోను పట్టుకొని ఉరికొచ్చింది.
"ఇన్నయ్యా, ఈయన మన క్రిసాంతో ఫాదరే గదా?"
ఎర్ర టోపీ, ఎర్ర నడికట్టు.
రోములో, తాటిచెట్లంత స్తంభాల నడుమ
గదే నవ్వు,
కండ్లు మూసుకపొయ్యే నవ్వు.

కొలతల బుక్కు తీసిన.
చెదలు తినంగ మిగిలిన పేజీ:
మగ్‌బనువా. ఛాతి ముప్పై నాలుగు. పొడుగు యాభై రెండు.
కింద మా నాయిన రాత,
మడత రెండంగుళాలు ఎక్కువ.
పక్కన, బాకీ నూట ఎనభై.

ముప్పై ఏండ్ల మనిషి ఇంకేం పెరుగుతడని
నేను నవ్విన ఆ దినం.
"మా అమ్మ గట్లనే కుట్టేది" అన్నడు, వచ్చీరాని తెలుగుల.
దీవిల చేపలు ఎండబెట్టే అమ్మ.
తుఫానొస్తే ముందుగాల చర్చి గంట పడిపొయ్యేదట,
ఆ తర్వాత వాళ్ళ ఇంటి రేకులు.

శౌరమ్మ వంటింట్ల గోంగూర తిని ఏడ్చిండొకసారి.
కారమనుకున్నం.
కాదు, పులుపు.
వాళ్ళ ఊరి పులుపు లెక్కనే ఉందని.

వాళ్ళ తాతలను
గంట కొట్టనిచ్చిండ్రట, నేల తుడవనిచ్చిండ్రట,
బలిపీఠం కాడికి మాత్రం శానా ఏండ్లు రానియ్యలేదట.
మా తాత గుడి బయట నిలబడి నిలబడి
చర్చిల గూడ వెనక బెంచీనే ఎతుక్కున్నడు.
ఈ ముచ్చట నేను చెప్తే
ఆ ఫాదర్ ఏమీ అనలే,
చాయ్ సాసర్ల పోసుకొని నాకు సగమిచ్చిండు.

ఎర్రపట్టు నా మిషను కిందికి రాదు.
అక్కడి దర్జీలు అక్కడున్నరు.
నేను కుట్టిన ఆ తెల్లంగీ ఏ పెట్టెల ఉందో,
మడత ఇప్పిండ్రో లేదో.

"బాకీ అడుగు మరి" అని శౌరమ్మ నవ్వుతది.
గీత కొట్టలే. ఉండనీ.
బాకీ ఉంటేనే మనిషి మళ్ళొస్తడు.

గంతల మెట్ల మీద చెప్పుల సప్పుడు.
జనగామ పిలగాడు, బాలశౌరి,
సెమినరీల కొత్తగ చేరిండు,
బక్కపానం, సంకల గుడ్డ ముక్క.
"అంకుల్, తక్కువ బట్టల అయ్యేటట్టు చూడుండ్రి,
పైసల్లేవు."

టేపు మెడల ఏసుకున్న.
సక్కగ నిలబడు బిడ్డా,
గూని ఎందుకు?