గేటు నుంచి సంపు దాకా

గేటు నుంచి సంపు మూత దాకా పదకొండు అడుగులు,
వెడల్పు నా రెండు మూరలు.
సీతాఫల్‌మండిలో నాకున్న భూమి ఇదే.
తవ్వితే సిమెంటు పెళ్లలొచ్చాయి,
పాత ఓనరు పిల్లల గోలీలొచ్చాయి,
ఒక చెంచా కూడా.

మొదటి ఏడు జీనియాకి
పేడ ఎరువు గంపలకొద్దీ పోశాను.
నడుము దాకా లేచాయి,
పచ్చగా, బలంగా, పెళ్లి భోజనాల్లో బావమరుదుల్లా.
ఒక్కటీ పూయలేదు.
నర్సరీ ఖాజా మియా వచ్చి చూసి నవ్వాపుకున్నాడు.
"కడుపు నిండినోడు పనికి వోతడా, సిస్టర్?
జర ఆకలి ఉంచాలె."

రెండో ఏడు పెటూనియా.
విత్తు ముక్కుపొడికన్నా సన్నం,
ఫ్యాను వేస్తే సగం హాల్లోకి పోయింది.
మిగిలినవి మొలిచాయి.
నైట్ డ్యూటీ దిగొచ్చి మగ్గుతో కుమ్మరించేదాన్ని;
రాత్రంతా మేలుకున్న చేతులకి
మెల్లగా అన్న మాట గుర్తుండదు.
మొలకలు మెడలు వంచి పడుకున్నాయి,
లేవలేదు.

అప్పుడు గడువు దాటిన సెలైన్ గొట్టం ఒకటి తెచ్చి
మేకుకి డబ్బా వేలాడదీశాను.
నిమిషానికి పద్దెనిమిది చుక్కలు.
ఎవరూ రాసివ్వలేదు, అలవాటు.

మూడోసారి, వినాయకుడు సాగర్‌కి పోయిన మర్నాడు నారు పోశాను.
ఎర్రమట్టి, ఇసుక, పిడికెడు వేపపిండి, అంతే.
బతుకమ్మ నాటికి ఆరేసి ఆకులు.
ఎదురు అపార్టుమెంటు నాలుగో అంతస్తు లేచాక
గోడవారకి ఎండ పదకొండుకి వచ్చి
రెండు కొట్టకముందే పోతోంది.
"ఆడ కోలియస్ పెట్టుకో, పూల కోసం లొల్లి పెట్టుకోకు.
ఎండ తాగేటివన్నీ సంపు దిక్కు."

ఆపైన మొదటి మొగ్గ.
వంకాయ రంగు, ముడిచిన గొడుగు.
ఫోన్లో ఆయన: "తుంచెయ్."
"రేపు విచ్చుకుంటది కదా మియా."
"తుంచితేనే పక్కకెల్లి పిలకలొస్తయ్.
లేకుంటె ఒక్క పువ్వు, పొడుగు మెడ, గాలికి పడుతది."

ముప్పై మూడేళ్లు కుట్లు విప్పిన వేళ్లు నావి,
మొగ్గ దగ్గర వణికాయి.
పదిహేడు తుంచాను.
ఒకదాన్ని వదిలేశాను. ఆయనకి చెప్పలేదు.

డిసెంబరులో నేల కనపడలేదు.
పాలు వేసే శ్రావణ్ బండి ఆపి
"మేడమ్, కొన్నారా?" అన్నాడు.
వదిలేసింది మాత్రం
గోడకి ఆనుకుని నిలబడింది,
వార్డులో తెల్లారగట్ల నాలుగింటికి నేను ఆనుకున్నట్టు.
దానికో ఐస్‌ఫ్రూట్ పుల్ల కట్టాను.

వాడినవి రోజూ గిల్లాలి.
వెనక గింజ కట్టిందంటే
నా పని అయిపోయింది అనుకుంటుందట మొక్క.
గిల్లుతూనే ఉన్నాను.
రిటైర్మెంటు కాగితాలు టీవీ మీదున్నాయి,
సంతకాలు ఇంకా మూడు పెట్టాలి.

మార్చిలో అందరివీ ఆకులు అంటుకుపోయి, కాడలు గట్టిపడి,
పీకేశాను ఒక్కొక్కటీ.
పుల్ల కట్టినదాని కాయ మటుకు ఎండనిచ్చాను.
"హైబ్రీడ్ అది, అదే రంగు రాదు సిస్టర్."
ఏ రంగొస్తుందో? అడిగితే
ఖాజా మియాకీ తెలీదు.

పాత ఓపీ చీటీలో మడిచాను ఆ పొడిని.
పేరు: పెటూనియా.
వయసు: ఆరు నెలలు.
బాధ ఏమిటి అన్న గీత దగ్గర
చాలాసేపు
పెన్ను పట్టుకు కూచున్నాను.