మడత పెట్టిన పుట

పన్నెండేండ్లు ఆ పుట మడిచే పెట్టిన.
పద్దెనిమిదేండ్లు నడుము వంగి
మొగులు దిక్కు చూడలేని ఆడమనిషి కథ అది.
ప్రభువు పిలుస్తడు, చెయ్యి పెడతడు,
ఆమె నిటారుగ లేస్తది.
నాలుగు ముక్కల ముచ్చట.
అది చదవాల్సిన ఆదివారం వస్తే
గొంతు బాగలేదని
వేరే భాగం చదివి దీవెన చెప్పేసేటోణ్ణి.

ఎందుకంటే ముందు వరుసల, చాప మీద,
గోడకు ఆనుకోని కూసుంటది దేవకరుణమ్మ.
కూసుంటే ఎవలన్న లేపాలె.
నడిస్తే నేలతోటి మాట్లాడుకుంట నడుస్తది.
ఆమెకు నా చెప్పులు ఎరుక,
నా మొకం ఎరుకలేదు.

ఆమె ఒక్కతే అయితే
ఏదో తీరు సర్దిచెప్పుకుందును.
ఇన్నాసి కాళ్లు విల్లు లెక్క వంగినయి.
రాహేలు పెండ్లి ఫోటోల గూడ
పండ్లు కనబడకుండ పెదవులు బిగవట్టుకున్నది.
మా చండూరు దిక్కు
బోరింగులకు ఎర్రరంగు పూసి పోయిన్రు సర్కారోళ్లు.
ఎండకాలం రంగును ఎవలు చూస్తరు,
బిందెను చూస్తరు గని.

ఇంకో మాట, ఎవ్వలికీ చెప్పలే.
ఆ బోరింగు నీళ్లే తొట్టి నిండ పట్టి
ముప్పై ఒక్కమందికి బాప్తిస్మమిచ్చిన.
ముంచిన, లేపిన, కొత్త జన్మ అన్న.
ప్రభుబల్ల నాడు రసంల కలిపిందీ అవే నీళ్లు.
రాత్రి రేకుల కింద పండుకోని అడిగేటోణ్ణి:
ఎవరి పెండ్లిలనో
నీళ్లను ద్రాక్షరసం చేసినోనివి,
మా నీళ్లను
నీళ్లు చేస్తే చాలు గద?
రేకు మీద పిల్లి నడిచిన సప్పుడు.
అంతే.

మొన్న శ్రమదినాలల్ల ఒక శుక్రవారం.
నాంపల్లిల పెండ్లున్నదని అందరు పోయిన్రు.
కరెంటు లేదు.
ఏడుగురం, ఒక కొవ్వొత్తి.
"అయ్యగారూ, నా కథ ఎన్నడు చదువుతవు?"
ఏ కథమ్మా అన్న, తెలిసే.
"గదే, నడుము వంగినామె.
తల్లిగారింట్ల ఇన్న చిన్నప్పుడు.
అప్పటికి నా నడుము సక్కగనే ఉండె."

మడత ఇప్పిన. చదివిన.
'లేచింది' అన్న కాడ
నా గొంతు నిజంగనే పట్టేసింది.
ఆమె ఏడుస్తదనుకున్న,
లేకుంటే నన్ను అడుగుతది, మరి నేను? అని.

ఆమె చాప పోగు ఒకటి పీక్కుంట
శానసేపటికి అన్నది:
"ఆమె మొకం ఎట్ల చూసిండు ఆయన?"
అంటే?
"వంగినోళ్ల మొకం నిలవడ్డోళ్లకు కానరాదయ్యా.
నా కొడుకు గూడ నా నెత్తితోటే మాట్లాడతడు.
ఆయన చూసిండంటే
ముందుగాల కింద కూసోని ఉంటడు. మట్టిల.
ఆమె లేసుడు తర్వాతి ముచ్చట.
ముందు వంగింది ఆయన."

ఆ మాట పుటల లేదు.
నేను మూడేండ్లు చదువుకున్న వేదపాఠశాలల లేదు.
కొవ్వొత్తి కారి చేతి మీద పడ్డది,
తీసుకోలే.

ఆమె నడుము లేవలేదు. అబద్ధం చెప్పను.
నా అనుమానం గూడ లేచిపోలేదు,
అదీ వచ్చి చాప మీద ఒక మూల కూసుంటది,
కూసోనిస్తున్న.
పుటల మడతగీత అట్లనే ఉన్నది,
ఎంత రుద్దినా పోతలేదు.
ఇప్పుడు రొట్టె ఇచ్చేటప్పుడు
నేను మోకాళ్ల మీదికి దిగుతున్న.
ఆమె కనుబొమ్మల నడుమ
పచ్చబొట్టు ఉన్నదని
పన్నెండేండ్లకు తెలిసింది.

నిన్న నల్లాల కృష్ణ నీళ్లొచ్చినయి.
రోజు ఇడిసి రోజు అంటున్నరు, చూడాలె.
స్టీలు గ్లాసుల ముంచి ఇస్తే
రెండు గుటకలు తాగి,
"సప్పగున్నయయ్యా, రుచే లేదు" అని నవ్వింది.
కింద కూసున్నందుకు
ఆ నవ్వు నాకు దొరికింది.