విడదీసి రాయండి

మిట్టూరు మూడో వీధిలోకి ఆరుంబావుకి బండి వస్తుంది.
చెత్త అంటుంది బండి పాట.
కసువు అంటుంది దేశమ్మ.
ఏ మాట విన్నా సరే, వీధంతా చెప్పుల్లేకుండా పరిగెడుతుంది.
మొన్న నేనూ పరిగెత్తాను,
ఒక్క బకెట్టుతో.

మూత తీసి చూసింది దేశమ్మ,
పేపర్లు దిద్దే చూపు.
"ఏంది సార్, అంతా కలగలిపి తెచ్చినారే!
తడిది తడి, పొడిది పొడి.
ఎత్తకపోండి ఇంట్లోకి. ఏరి, రేపు తీసకరండి."

ఇరవయ్యారేళ్లుగా పిలకాయలకి
సంధులు నేర్పుతున్నవాణ్ణి.
'విడదీసి రాయండి' అని బోర్డు మీద రాసి
చేతులు దులుపుకునేవాణ్ణి.
ఎదురింటి సరళాదేవి గారు ముగ్గు ఆపి చూస్తుండగా
సున్నా మార్కుల బకెట్టు వెనక్కి మోసుకొచ్చాను.

సాయంత్రం పెరట్లో పాత పేపరు పరిచి గొంతుకూర్చున్నాను.
తోతాపురి తొక్కలు, టెంకలు: తడి. సందేహం లేదు.
వాడేసిన టీ పొడి: పేరులో పొడి, తీరులో తడి.
పాల కవరు కడిగి ఆరేస్తే పొడి,
కడక్కపోతే రెండు పక్కలా చుట్టం.
చెనిక్కాయ పొట్టు చేతిలో గరగరలాడుతుంది,
అయినా తడిలోనే వెయ్యాలట, మట్టిలో కలిసేది గనక.
బహుళం అంటే ఏమిటో
ఏ సూత్రమూ ఇంత బాగా చెప్పలేదు నాకు.
మందుల రేకులకి, పగిలిన ట్యూబులైటుకి వేరే సంచి.

ఒక జ్యూసు డబ్బా మిగిలిపోయింది.
లోపల వెండి రేకు, నడుమ అట్ట, పైన మైనంలాంటి ప్లాస్టిక్కు.
ఏ సమాసమో తేలలేదు.
విగ్రహవాక్యం చెప్పబోతే గోరు విరిగింది.
"అన్నం చల్లారిపోతాంది," అంది మా ఆవిడ హైమ కిటికీలోంచి,
"మీ జేబులో సుద్దముక్కలు ఏ బకెట్టో అది గూడా చూస్కోండి."

మర్నాడు దేశమ్మ రెండు మూతలూ తీసింది.
ముక్కు దగ్గర పెట్టి చూసినంత పని చేసింది.
"పాసు," అంది. "పుస్తకంలో రాసుకోవాల. పేరు చెప్పండి."
ఎం.కె. మాస్టారన్నాను.
"అట్ల కాదు సార్. నిండు పేరు."

హాజరుపట్టీలో, జీతం బిల్లులో, నా పెళ్లి పత్రికలో కూడా
పొడి అక్షరాలే వేయించుకున్నవాణ్ణి.
వీధి మధ్యన, రెండు బకెట్ల నడుమ చెప్పాను:
కుప్పయ్య.

నవ్వుతుందనుకున్నాను.
చెత్త బండి ముందు నిలబడి
ఈ పేరు చెప్పి నవ్వించకపోవడం కష్టం.
ఆమె పెన్ను ఆపి అడిగింది,
"మీకు ముందర ఎంతమంది పోయినారు సార్?"

ఇద్దరు.
యాదమరి అవతల మా పల్లెలో
మూడోవాణ్ణి నన్ను చేటలో పెట్టి
పెంటకుప్ప మీద పడుకోబెట్టారట,
చావు కంటికి అక్కర్లేని వస్తువులా కనబడాలని.
పక్కింటి మంగలి రెడ్డెమ్మ ఏరుకొచ్చి
సోలెడు తవుడుకి మా అమ్మకే అమ్మిందట.
అమ్మ బేరమాడిందో లేదో
ఎప్పుడూ అడగలేదు నేను.

"మా అన్న పేరు పెంటయ్య," అంది దేశమ్మ రాసుకుంటూ.
"లారీ తోల్తాడు. ఎద్దు మాదిరుండాడు."

జ్యూసు డబ్బా చూపించాను. ఇది తడా, పొడా?
అటూ ఇటూ తిప్పి, కాలికింద వేసి తొక్కి,
బండి పక్కన వేలాడే గోనెసంచిలో పడేసింది.
"దీన్ని కొనేవాడు ఒకడుండాడు సార్, మురకంబట్టు కాడ."
ఎంతకి?
"ఏదో ఒకటి ఇచ్చే తీసకపోతాడు. ఊరికే కాదు."

బండి కదిలింది. నాలుగో ఇంటి ముందు
మళ్లీ ఎవర్నో కసురుతోంది.
ఖాళీ బకెట్టులో మామిడి వాసన,
అడుగున అంటుకున్న ఒక టెంక.