అరవై నాలుగు

మొదటి నెలంతా నడకే.
పరుగు అడగొద్దు దాన్ని, న్యాకాల్లో,
అది ఇస్తానన్నా తీసుకోవద్దు.

రాత్రి కురిసిన మంచు గడ్డి మీద బిగుసుకుని
డెక్కల కింద గాజులా చిట్లుతుంది.
దుప్పటికి మెడ దగ్గర పిన్నీసు పెట్టుకో. కళ్ళెం సడలించు.
దొడ్డి నుంచి వాగు దాకా,
వాగు నుంచి చర్చి వెనక దిబ్బ దాకా,
అంతే, తిరిగి రా.
విసుగొస్తుంది. రానీ.
ఆ విసుగులోనే దాని కాళ్ళు తయారవుతాయి.

గుండెది తొందర బుద్ధి.
ఆరు వారాలకే నేను సిద్ధమంటుంది,
ఊపిరి దానికి వంత పాడుతుంది.
వాటి మాట నమ్మి మలూటి కొండలెక్కినవాడు
కుంటి గుర్రాన్ని నడిపించుకుంటూ దిగుతాడు.
కాలి వెనక నరం మూడు నెలలు అడుగుతుంది.
ఎముక ఏడాది అడుగుతుంది,
అదీ గొంతెత్తి అడగదు.
గొంతెత్తనివాళ్ళ పక్షమే నాది.

పులా అని పేరు పెట్టుకున్నావు. వాన అని.
ఈ కొండల్లో వాన ఒక్కసారిగా దూకితే
మట్టినే మోసుకుపోతుంది,
సన్నగా పడితేనే మొక్కజొన్న తాగుతుంది.

రెండో నెల, ఎత్తులు.
ఎక్కేటప్పుడు జూలు పట్టుకుని నడుము లేపు.
దిగేటప్పుడు నువ్వూ దిగి నడువు,
నల్లరాళ్ళ మీద దాని కాలు జారిన క్షణాన
నీ బరువు కూడా దాని మీద ఉండకూడదు.
పెదవెత్తి చిగురు నొక్కు, తెల్లబడిన చోటు
ఒకటి, రెండు అనేలోగా ఎర్రబడాలి.
మెడ మీద తోలు గిల్లి వదులు,
గుడారంలా నిలబడిపోయిందా, దానికి నీళ్ళు చాల్లేదు.
దాణాలో ఉప్పు మరిచిపోతావు నువ్వు. నాకు తెలుసు.

ఇప్పుడు మోచేతి వెనక అరచెయ్యి పెట్టు.
ఇంకొంచెం కింద. జీను పట్టీ పక్కన, తడి బొచ్చులో.
దొరికిందా?
ఎవరో లోపలి నుంచి తలుపు తట్టినట్టుంటుంది.
పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవెయ్యి.
కొండ దిగిన పది నిమిషాలకు
అరవై నాలుగుకు రావాలి.
రాకపోతే తప్పు దానిది కాదు.
నోటుబుక్కులో రాయి, తారీఖు, దారి, అంకె.
దొంగలెక్క రాయకు,
గుర్రం చదవదు గానీ కనుమ చదువుతుంది.

మమ్మల్నీ తయారు చేశారులే, బంగారు గనిలో.
ఆవిరి గదిలో, డప్పు దెబ్బకు
బల్ల ఎక్కు, బల్ల దిగు, నాలుగేసి గంటలు.
నాలుక కింద వేడి కొలిచి
కాగితం మీద రాసుకుపోయేవారు.
నేను గట్టివాణ్ణని తేలింది, పొంగిపోయాను.
వేడి కొలిచారు.
దుమ్ము కొలవలేదు.
పంతొమ్మిదేళ్ళు రాయి తొలిచాను,
ఆ రాయి పొడై వచ్చి నా రొమ్ములో కాపురం పెట్టింది.
ఇవాళ దొడ్డి గోడ దాకా నడిచి వచ్చి కూర్చుంటే
నా అంకె దిగేసరికి టీ చల్లారిపోతుంది.

మూడో నెల పొడుగు రోజులు.
మందుల పెట్టెలు రెండు పక్కలా కట్టి,
ఖాళీవే, ఇసుక పోసినవి,
సెంకు నది ఒడ్డు దాకా పోయి వచ్చింది పిల్ల.
చూడక్కర్లేదు నాకు, వింటే చాలు.
నాలుగు డెక్కలూ దేనికదే, ఒకదాన్నొకటి తోసుకోకుండా,
మా గుర్రాలకే తెలిసిన ఆ పరుగు కాని పరుగు.
మీద కూర్చున్నవాడి చేతిలో కప్పు తొణకదు.

దిగీ దిగగానే పట్టీ వదులు చేసింది,
మోచేతి వెనక చెయ్యి పెట్టింది, రాసుకుంది.
తర్వాత, అడగకుండానే,
నా చొక్కా మీద అదే చెయ్యి.
గుర్రం చెమట వాసన వేస్తున్న చెయ్యి.
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.
ఎంతని నేను అడగలేదు.
రాసిందో లేదో కూడా చూడలేదు.

వచ్చే వారం పెట్టెల్లో ఇసుక ఉండదు,
రెండు కనుమల అవతల
ఎవరో మంచం మీంచి దారి చూస్తుంటారు.
రేపు మాత్రం దానికి సెలవు. మేయనీ.
జీను లోపల పెట్టు పిల్లా,
పడమట దాని పేరు నల్లబడుతోంది.