పైలం

తాడిపత్రి దాటినాక, నల్లబండలు
నిలువునా పేర్చిన ఫ్యాక్టరీల వెనక
పాలిషు మిషన్లు కక్కిన బురద ఎండి
ఎకరమంత తెల్లటి నేల.
పచ్చనిదంటే అక్కడ సర్కారు తుమ్మ ఒక్కటే.
అదే మా గోల్ఫు మైదానం.

నేర్పేది దస్తగిరన్న, రాత్రి వాచ్‌మన్.
బెంగళూరులో ఇరవై రెండేండ్లు
ఎవరెవరివో సంచులు మోసి మోసి
ఒక ముసలి డాక్టరు పారేస్తానంటే
అడిగి తెచ్చుకున్న మూడు ఇనుప కట్టెలతో
ఊరికి తిరిగొచ్చినాడు.

మిషన్లు నోరు మూసిన ఆదివారం పొద్దునే బడి.
దుమ్ము లేవకుండా ముందు
తలా రెండు బిందెల నీళ్ళు చల్లల్ల.

మొదటి నెల బంతే లేదు.
తెల్లనేల మీద బొగ్గుతో గుండ్రంగా గీసి
"ఇది కొట్టేవాని ఇల్లు.
పిలవకుండా ఎవురింట్లోకైనా దూరతామా?" అన్నాడు.
కట్టె ఎత్తేముందు మెడ తిప్పి
వెనక కూడా చూసి తలకాయలు లెక్కపెట్టల్ల.
మేము ఏడుగురం.
ఆరు కనపడితేనే దెబ్బ.
ఐదే కనపడితే కట్టె దించు,
ఆరోది యాడుందో కనుక్కో.

బంతి పక్కదారి పడితే అరవడానికి
దొరల ఆటలో ఏదో కేక ఉందంట.
మాకు నేర్పింది మాత్రం "పైలం!"
సిగ్గుపడి నోరు మూసుకుంటే
ఒక తప్పు రెండైనట్టు.

లెక్క ఎవరిది వాళ్ళే చెప్పల్ల.
గాలిని కొట్టినా ఒకటే,
తుమ్మపొదలో ఎవరూ చూడకుండా కొట్టినా ఒకటే.
రమీజా ఒకసారి పదిహేడు అని చెప్పి
ఏడ్చింది.
ఆ రోజు బెల్లం ముక్క ఆమెకే ఇచ్చినాడు.

పట్టు ఎట్లుండల్లంటే,
చెట్టుమీద మాగిన సీతాఫలం తెంపినట్టు.
నలగకూడదు, జారకూడదు.
ఎర్రిస్వామి పిసికేవాడు.
నేను పగతో పట్టేవాణ్ణి.
"బంతి నీకేం బాకీ లేదురా అబ్బీ" అనేవాడు.

ఒక ఆదివారం ఐదే లెక్కపెట్టినాను.
లెక్కపెట్టీ కొట్టినాను.
వెనక వంగి చెప్పు వారు సరిచేసుకుంటున్న కుళ్ళాయప్ప
చెవి పక్కనుంచి కట్టె గాలి పోయింది.
వాడు నవ్వినాడు. మేమూ నవ్వినాం.
దస్తగిరన్న బండ మీద కూలబడి
చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు.
"ఇంటికి పో. మీ నాయన కుడిచెయ్యి చూడు."

రోజూ చూసే చెయ్యే.
మూడేండ్ల కింద కోతమిషను తీసుకోగా
మిగిలిన మూడు వేళ్ళు.
ఆ రాత్రి సంగటి ముద్ద చేస్తుంటే మొదటిసారి అడిగినా.
"బ్లేడు తుడుస్తా వంగినా.
నేనున్నానో లేనో చూడకుండా స్విచ్చి వేసినారు."
"ఎవురు?"
"కొత్తగా చేరినోడు" అన్నాడు నాయన,
ముద్దలో గుంట చేసి ఊరుబిండి వేసుకుంటా.
ఇంకేం చెప్పలేదు.
ఫ్యాక్టరీలో మూడేండ్ల కింద చేరినోడు
ఒక్కడే ఉన్నాడని నాకు తెలుసు.

తర్వాతి ఆదివారం నాయన నా వెంట వచ్చినాడు.
ఏమవుతుందో అని నా కడుపులో
మిషను తిరుగుతా ఉంది.
వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏం మాట్లాడుకోలేదు.
నాయన బొగ్గుగీతలోకి దిగి
మూడు వేళ్ళతో, ఐదు వేళ్ళతో
కట్టెను పట్టుకునే దారి వెతుక్కున్నాడు.
పట్టు కుదిరింది.
ఎత్తబోయి ఆగినాడు.
మెడ తిప్పి చూసినాడు. కుడి. ఎడమ. వెనక.
కట్టె దించినాడు.

"దస్తగిరి యాడ?"

బండల చాటున ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

"ఆ తలకాయ కనపడేదాకా
నేను కొట్టను" అన్నాడు నాయన.

ఎండ బండల మీదికి ఎక్కేదాకా నిలబడినాం.
తువ్వాలుతో మొహం తుడుచుకుంటా
ఆయన బయటికొచ్చి
గీతకు అవతల, కనపడేచోట, నిలబడినాడు.

నాయన కొట్టినాడు.
బంతి కదల్లేదు. కట్టె గాలికే పోయింది.
మేం నవ్వాలా వద్దా అనుకునేలోపు
"ఒకటి" అన్నాడు
అందరికీ వినపడేట్టు.