అర్హతల గడి

దరఖాస్తులో అర్హతల గడి
అగ్గిపెట్టె మూతంత.
బీఎస్సీ కెమిస్ట్రీ, సెకండ్ క్లాసు.
శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా, ఏడాది.
అంతే పట్టింది.

జ్ఞానాపురంలో ఆరేసిన తెల్లచొక్కాని
సాయంత్రానికి మా అమ్మ దులిపే దులుపు పట్టలేదు.
కిటికీ చువ్వ తుడిచిన వేలితో
ఆ బొగ్గుపొడితోనే గోడ మీద
నేను దిద్దుకున్న అ ఆలు పట్టలేదు.
పోర్టు మీంచి గాలి మళ్లిన రాత్రి
తమ్ముడి గుండెలో పిల్లికూతలు
లెక్కపెడుతూ మేలుకున్నదానికి
మార్కుల జాబితా ఎవరిస్తారు?

ఇంటర్వ్యూలో అడిగారు,
డెంగీ దోమకి గుడ్లు పెట్టడానికి ఎన్ని నీళ్లు కావాలని.
కొబ్బరిచిప్పలో వాన మిగిల్చినన్ని, అన్నాను.
పుస్తకంలో మిల్లీలీటర్లున్నాయి కాబోలు,
ఒకాయన నవ్వాడు.
పక్కనున్నావిడ మాత్రం రాసుకుంది.

ఉద్యోగం ఔట్‌సోర్సింగు. జీతం రెండు నెలలకోసారి.
మా సీనియర్ బొంతు సన్యాసయ్య గారు
పద్దెనిమిదేళ్లుగా తాత్కాలికం.
ఈ దారిలో పైమెట్లెన్నండీ అనడిగితే
టీ గ్లాసు కింద పెట్టి చెప్పాడు:
ముందు కాలవ కంపు ముక్కుకి తెలుస్తుంది.
కొన్నాళ్లకి తెలీదు.
ఆ తర్వాత, కంపు లేకపోయినా తెలుస్తుంది.
అక్కడితో రిటైర్మెంటు.

ఈ తెల్లవారుజామున జాలారిపేట.
వీధి కుళాయి నీళ్లు గాజుగొట్టంలో పట్టి
మాత్ర వేసి ఊపాను.
గులాబీ రంగు తేలాలి.
తేలలేదు.
నా మీద నాకే నమ్మకం చాలక
ఇంకో మాత్ర వేశాను.
తేలలేదు.

బిందెల వరుసలోంచి ఒక ముసలమ్మ:
“తేటగానే ఉన్నాయి గదే, ఏటి సూత్తన్నావు?”
“లేనిదాన్ని చూస్తున్నా మామ్మా.”
“ఏటి సదివితే అవుపిస్తాదే, లేనిది?”

ఆ గడి మళ్లీ గుర్తొచ్చింది.
జవాబు రాక గొట్టం వెంట నడిచాను.
చేపల కడుగు పారే కాలవలో మునిగి
మూడిళ్ల అవతల తేలింది పైపు.
అతుకు దగ్గర చిన్న చిన్న బుడగలు,
ఎవరో లోపల గుటకలు వేస్తున్నట్టు.

వాల్వు కట్టించాను.
వరుసంతా నా మీద పడింది.
వేటకెళ్లే మొగుళ్లకి గంజి కాయాలి,
పిల్లలకి బడివేళ,
నా తల పండా, నా ఇన్‌స్పెక్టరీ మండా.
ట్యాంకరు ఇంకా గాజువాక దగ్గరే ఉందట.

ముసలమ్మ ఖాళీ బిందె బోర్లించింది.
“కూకో. కాళ్లు లాగేత్తాయి” అంది.
కూర్చున్నాను.
తిట్టడం మాత్రం ఆపలేదు.